ఆరు దాటితే బస్సు లేని ఊరూ, మా వెంగళరావు నగరూ

సాయంత్రం ఆరు దాటితే బస్సు లేని ఊళ్ళో నేను రెండేళ్ళున్నాను. ఆ ఊరు ఏ ఆదిలాబాద్ అడవుల్లోనో లేదు, ఇంగ్లండులో ఉంది. 2016లో కంపెనీ వాళ్ళు కేంబ్రిడ్జ్ పంపించారు. అక్కడి అద్దెలు వినేసరికి గుండె ఆగినంత పనైంది. దాంతో తొమ్మిది మైళ్ళ దూరంలో ఒక పల్లెటూళ్ళో ఇల్లు తీసుకున్నాం. ఊరి పేరు చెప్పను. చెప్తే అక్కడున్న ఒకే ఒక్క తెలుగు కుటుంబం ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. మా చుట్టాలు మాత్రం నేను రోజూ లండన్ బ్రిడ్జి మీదుగా ఆఫీసుకి పోతున్నాననే అనుకునేవారు. నేనూ వాళ్ళ ఆనందాన్ని పాడు చెయ్యలేదు.

ఊరి జనాభా ఆరువందలు దాటదు. ఒక చర్చి, ఒక పబ్బు, ఒక చిన్న బడి, ఊరందరికీ కలిపి ఒక హాలు, ఒక కొట్టు. అంతే. ఒక ఎర్ర టెలిఫోన్ డబ్బా కూడా ఉంది, లోపల ఫోను లేదు. మొబైళ్ళొచ్చాక ఎవరూ వాడని ఆ డబ్బాల్ని ఒక్క పౌను తీసుకుని ఊళ్ళకే ఇచ్చేసే పథకం బీటీ కంపెనీ 2008లో పెట్టింది. మా ఊరివాళ్ళు అందులో ఒక పక్క పాత పుస్తకాలు సర్దారు, ఇంకో పక్క గుండె ఆగినప్పుడు షాకిచ్చే యంత్రం బిగించారు. అంటే అగాథా క్రిస్టీ చదువుతూ గుండె ఆగినా కంగారు లేదన్నమాట.

కొట్టు కథ ఇంకా బాగుంటుంది. దాని యజమాని ముసలివాడై మూసేసుకుంటానంటే, ఊరివాళ్ళు తలా కొంత వేసుకుని దాన్ని తీసుకున్నారట. ఇలా ఊరే నడుపుకునే కొట్లు ఆ దేశంలో నాలుగువందలకి పైగా ఉన్నాయి. మా కొట్లో మంగళవారం కౌంటర్లో కూచునేది ఒక రిటైర్డ్ లెక్కల టీచరు, గురువారం ఒక రైతు భార్య. జీతాలు లేవు. వారంలో రెండు పూటలు అక్కడే పోస్టాఫీసు. మా ఆవిడ కొత్తిమీర అడిగితే మూడు వారాలకి ఒక కుండీలో మొక్క తెప్పించారు. మూడు వారాలు ఆగాం గానీ, ఆ తర్వాత కొత్తిమీర ఎప్పుడూ అయిపోలేదు. మాకోసమే తెప్పించేవాళ్ళు.

డాక్టరు మూడు మైళ్ళవతల పక్క ఊళ్ళో. మందులు కూడా ఆ డాక్టరు దగ్గరే ఇచ్చేవారు. మందులషాపు మైలుకన్నా దూరంగా ఉన్న పల్లెలవాళ్ళకి అలా ఇవ్వడానికి అక్కడ అనుమతి ఉంది. నిజం చెప్పొద్దూ, మొదటి ఆర్నెల్లూ నాకు అదంతా చాలా బీదగా కనిపించింది. అమీర్‌పేట పక్కన పెరిగినవాణ్ణి కదా! రాత్రి పదకొండింటికి ఇడ్లీ దొరకని చోటుని నాగరికత అని ఎలా ఒప్పుకుంటాను?

ఊరికి పారిష్ కౌన్సిల్ అని ఒకటుంటుంది. మన పంచాయతీ లాంటిది. ఇంగ్లండు మొత్తం మీద అలాంటివి పదివేల దాకా ఉన్నాయి. ఒకసారి చూద్దామని మీటింగుకి పోయాను. బస్టాపులో బెంచీ పాడైంది, కొత్తది వెయ్యాలి. చెక్కదా, ప్లాస్టిక్‌దా? దీని మీద నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు! మన స్క్రమ్ మీటింగులే నయం అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పి నవ్వుకున్నాం కూడా.

ఆ నవ్వు ఎందుకు తప్పో పక్కింటావిడ వల్ల తెలిసింది.

ఆవిడకి ఎనభై రెండేళ్ళు. ఒంటరిగా ఉండేది. కారు తనే నడిపేది. అక్కడ డెబ్భై దాటాక లైసెన్సు మూడేళ్ళకోసారి కొత్తగా తీసుకోవాలి. కళ్ళకి పరీక్షేమిటంటే, ఇరవై మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు పలక చదవగలగాలి. ఒకరోజు పొద్దున ఆవిడ తన గేటు దగ్గర నిలబడి, వీధికి అవతలున్న నా కారు కేసి చాలాసేపు చూస్తోంది. ఏమైందండీ అంటే, "నీ నంబరులో మూడో అక్షరం ఏమిటి?" అని అడిగింది. చెప్పాను. "నాకు కనపడలేదు" అంది. ఆ వారంలోనే లైసెన్సు తనే తిప్పి పంపేసి కారు అమ్మేసింది. పోలీసు అడగలేదు, కొడుకు చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆవిడకి ఊరంటే కొట్టు, హాలు, బస్టాపు. కొట్టుకి రెండువందల అడుగులు. బస్టాపుకి అంతకు నాలుగు రెట్లు. అంత దూరం నడిచి వస్తే కూచోవాలి, లేకపోతే తిరిగి ఇంటికి పోవడమే. అక్కడ వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం, చెక్క బెంచీ ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరదు. ప్లాస్టిక్‌ బెంచీని రుమాలుతో ఒకసారి తుడిస్తే చాలు. నలభై నిమిషాల చర్చ దీనికోసమా అని అప్పుడర్థమైంది. మీటింగులో కూచున్న తొమ్మిదిమందికీ ఆ బెంచీ మీద ఎవరు కూచుంటారో పేర్లతో సహా తెలుసు.

అయినా కథ సుఖాంతం కాలేదు. 2010 తర్వాత అక్కడి కౌన్సిళ్ళకి డబ్బు తగ్గిపోయి, పల్లెల బస్సులకిచ్చే సబ్సిడీలకి కోతలు పడ్డాయి. మా ఊరి బస్సు రోజూ తిరిగేది కాస్తా వారానికి మూడు రోజులైంది. ముసలివాళ్ళకి ఫ్రీ పాసు ఉంది, 2008 నుంచి ఇంగ్లండు అంతా చెల్లుతుంది. పాసుంది, బస్సే లేదు. కంటి డాక్టరు శుక్రవారం రమ్మంటాడు, బస్సేమో గురువారం వస్తుంది. కొన్నాళ్ళు నేను దింపాను, కొన్నాళ్ళు ఇంకెవరో దింపారు. కానీ ప్రతిదానికీ ఒకళ్ళని అడగాల్సి రావడం ఆవిడకి నచ్చలేదు. మేము తిరిగొచ్చేసే ముందే ఇల్లు అమ్మి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందురోజు కూడా మంగళవారం టీచరుగారి బదులు కౌంటర్లో కూచుని నాకు పాలూ బ్రెడ్డూ లెక్కగట్టింది.

ఆ ఊరు నాకు నేర్పింది ఒక్కటే. సౌకర్యాలు ఎన్నున్నాయని లెక్కపెట్టేటప్పుడు బండి ఉన్నవాడి దగ్గర నిలబడి లెక్కపెట్టకూడదు. బండి లేని మనిషి గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాలి.

2018లో తిరిగొచ్చి, వెంగళరావు నగర్లో అమ్మానాన్నల ఇంటికే చేరాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, 1973 నుంచి 78 దాకా ముఖ్యమంత్రిగా చేసిన జలగం వెంగళరావు గారి పేరు మీద ఉన్న కాలనీ ఇది. ఆయన రాజకీయమంతా ఖమ్మం జిల్లాది, మాదీ ఖమ్మం జిల్లానే కాబట్టి మా నాన్న ఇప్పటికీ "మనవాడి కాలనీ" అంటాడు. మాది జూబ్లీహిల్స్ నియోజకవర్గం. ఆ పేరు వినగానే జనం ఫిలింనగర్ బంగళాలు ఊహించుకుంటారు గానీ, ఎర్రగడ్డా బోరబండా కూడా ఆ నియోజకవర్గంలోవే. సినిమావాళ్ళు కొండ మీద, మేము కింద. మధ్యలో యూసుఫ్‌గూడ.

బండి లేని మనిషికి ఇక్కడేముంది అని నాన్న గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టాను. వీధి మలుపులో ఇస్త్రీ బండి. దాని పక్కన టిఫిన్ బండి. మందులషాపులు ఎన్నో లెక్కపెట్టడం మానేశాను. పాలు, పూలు, కిరాణా, జెరాక్స్, చెప్పులు కుట్టేవాడు, కళ్ళజోళ్ళషాపు, అన్నీ నడిచేంత దూరంలోనే. కాస్త ఓపికుంటే ఎర్రగడ్డ రైతుబజారు. 1999లో రైతుబజార్లు మొదలైన రోజుల నుంచి మా అమ్మ కూరలకి అక్కడికే వెళ్ళేది. ఇంకో వైపు యూసుఫ్‌గూడలో కృష్ణకాంత్ పార్కు, నాన్న పొద్దున నడక అక్కడే. పెద్ద జబ్బు చేస్తే సనత్‌నగర్ వైపు ఈఎస్ఐ ఆసుపత్రి, ఇంకా చుట్టూ ప్రైవేటువి బోలెడు. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో మొదలై, మధురానగర్ స్టేషను మాకు పది పన్నెండు నిమిషాల నడకలోకొచ్చింది. అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా పొడిగించారు.

వీటిలో చాలాభాగం మన పుణ్యమే. 90ల చివర్లో వైటూకే రోజుల నుంచీ మైత్రీవనం చుట్టూ కోర్సుల కోసం దిగిన పిల్లలకి తిండీ నిద్రా అమ్ముకుంటూ ఈ చుట్టుపక్కల కాలనీలన్నీ మారిపోయాయి. కోబాల్ నుంచి జావాకి, జావా నుంచి డేటా సైన్సుకి బోర్డులు మారాయి గానీ ఇడ్లీ బండి మారలేదు. నగరాల గురించి రాసేవాళ్ళు ఇప్పుడు "పదిహేను నిమిషాల నగరం" అంటున్నారు. పారిస్‌లో ప్రొఫెసరు కార్లోస్ మొరెనో 2016లో ఆ మాట పైకి తెచ్చారు. మా కాలనీకి ఆ సంగతి తెలియదు, తెలియకుండానే పదిహేను నిమిషాల్లో సర్దుకుని కూచుంది.

కాబట్టి కోకాపేటలో ఫ్లాటు కొందామని నేను అన్నప్పుడు నాన్న ఎందుకు అంత మొండికేశాడో నాకు తెలిసుండాల్సింది.

అందరిలాగే నాకూ ఆ పిచ్చి పట్టింది. పద్నాలుగో అంతస్తు, ఈతకొలను, క్లబ్ హౌసు, లోపలే జిమ్ము. ఒక ఆదివారం అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి చూపించాను. సేల్స్ కుర్రాడు బ్రోషర్లో సౌకర్యాల చిట్టా చదివాడు, అరవై రెండో అరవై మూడో ఉన్నాయి. నాన్న అంతా విని, బాల్కనీలోంచి కిందికి చూసి, ఒకటే అడిగాడు.

"బాబూ, ఇక్కడ నేనొక్కణ్ణే ఎక్కడికి పోవచ్చు?"

కుర్రాడు నా వైపు చూశాడు. "అన్నీ యాప్‌లో వచ్చేస్తాయి అంకుల్" అన్నాడు.

"వస్తాయి సరే. నేను పోవడం సంగతి అడుగుతున్నా."

అప్పటికి నాన్నకి డెబ్భై నాలుగు. గ్లకోమా, అదే నీటికాసులు అంటాం చూడండి, అది బయటపడి ఏడాదైంది. ఆ జబ్బుకి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ పక్కల చూపు మెల్లగా పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. స్కూటరు తాళాలు తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నాకు ఇంగ్లండులో పక్కింటావిడ గుర్తొచ్చింది. ఫ్లాటు దగ్గర మాత్రం గుర్తు రాలేదు! కారులో ఇంటికొచ్చేదాకా నాన్న మీద చిరాకుగానే ఉన్నాను. ఇంటికొచ్చాక నాన్న చొక్కా మార్చుకుని, చెప్పులేసుకుని, "ఇస్త్రీ బట్టలు తెస్తా" అని ఒక్కడే గేటు తీసుకుని వెళ్ళాడు. అప్పుడు వెలిగింది. ఫ్లాటు ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మా కాలనీ గొప్పలు చెప్పుకునే వ్యాసమయ్యేది. కానీ అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

ఆ తర్వాత ఏడాది, ఒక సాయంత్రం ఆఫీసులో ఉండగా అమ్మ ఫోను చేసింది. నాన్న వీధిలో పడ్డాడు, కుడి మణికట్టు విరిగింది. నేను చేరేసరికే కట్టు కట్టించేశారు. టిఫిన్ బండి అతను ఆటో పిలిచాడట, పక్క బిల్డింగు వాచ్‌మన్ ఆసుపత్రి దాకా వెళ్ళాడట, మందులషాపు కుర్రాడు డబ్బు తర్వాత ఇవ్వమన్నాడట. వీళ్ళెవరినీ మేము పిలవలేదు. ఎవరి నాన్నో, ఏ ఇల్లో వాళ్ళకి తెలుసు, అంతే. ఎర్ర డబ్బాలో యంత్రం పెట్టుకున్న ఊరికి మా వీధి ఏమీ తీసిపోలేదని ఆ రాత్రి గర్వంగా అనుకున్నాను.

"ఎలా పడ్డావు నాన్నా?"

"కాలు జారిందిరా. పెద్దతనం."

నమ్మేశాను. నాలుగు రోజుల తర్వాత బట్టలు తేవడానికి ఇస్త్రీ బండి దగ్గరికి పోతే, అతను పెట్టె పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి మెల్లగా అన్నాడు. "అన్నా, పెద్దసారు చెప్పొద్దన్నడు. ఏమనుకోవద్దు. కాలు జారలే. మీ కారు సుట్టు తిరిగి రోడ్డు మధ్యలకు వచ్చిండు. బండోడు పక్కకెళ్లి జోరుగొచ్చిండు. సారుకు కనవడలే. ఎన్కకు జరిగి ర్యాంపు మీద పడ్డడు."

నా కారు.

2021లో కొన్నాను. అందరూ కొంటున్నారని పెద్దదే కొన్నాను. మా పాత గేటులోంచి అది దూరుతుంది గానీ, దూరాక తలుపు తెరుచుకోదు. అందుకని వీధి వారగా, గోడకి ఆనించి పెట్టేవాణ్ణి. వారానికి ఆరు రోజులు అది అక్కడే ఉండేది, నేను మెట్రోలో ఆఫీసుకి పోయేవాణ్ణి. మా వీధిలో ఫుట్‌పాత్ లేదు. ఉండాల్సిన చోట ప్రతి ఇంటికీ ఒక ర్యాంపు ఉంది, రెండు ర్యాంపుల మధ్య ఒక కారు ఉంది. ర్యాంపు ఎక్కి దిగలేని మనిషి కారు చుట్టూ తిరిగి రోడ్డు మధ్యకి రావాలి. పక్కల చూపు లేని మనిషికి పక్క నుంచి బండి వస్తుంది. ఇంటి నుంచి ఇస్త్రీ బండి దాకా నాన్న అలా ఏడుసార్లు మధ్యకి రావాలి. నేను మర్నాడు పొద్దున నడిచి లెక్కపెట్టాను. ఆ ఏడింటిలో మొదటిది నాది.

మాటవరసకి మనం జీహెచ్‌ఎంసీని తిడతాం. తిట్టాలి కూడా. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, నడిచేవాళ్ళకి ఫుట్‌పాత్ అనేది రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగం అని. ఆ నవంబరులో మా నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చినప్పుడు అన్ని పార్టీలవాళ్ళూ మా వీధిలోకి వచ్చారు. కార్లు తప్పించుకుంటూ రోడ్డు మధ్యలోనే నడిచారు, చేతులు జోడిస్తూ. కానీ మా ఇంటి ముందున్న కారు జీహెచ్‌ఎంసీది కాదు కదా.

ఇప్పుడు రెండు ఊళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇలా అనిపిస్తోంది. ఆ ఇంగ్లీషు పల్లెలో ఉన్నవి నాలుగే. ఆ నాలుగూ ఎవరి చేతిలో ఉన్నాయో అందరికీ తెలుసు, ఒకటి ఆగిపోతే ఊరంతా కూచుని మాట్లాడుకుంటుంది. వాళ్ళ చేతిలో లేని బస్సు పోయింది, దాంతో ఒక మనిషి ఊరు వదిలేసింది. మా కాలనీలో నాలుగొందలున్నాయి. టిఫిన్ బండి మూతబడితే పక్కనే ఇంకోటి వెలుస్తుంది, దాని గురించి మీటింగు అక్కర్లేదు. అయితే ఆ నాలుగొందలకీ పోయే దారి మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. మన భాషలో చెప్పాలంటే సర్వర్లు బోలెడున్నాయి, కేబులే తెగింది. ఆ కేబుల్ మీద కుర్చీ వేసుకుని కూచున్నది నేనే.

పెద్ద కారు అమ్మేశాను. కొంచెం నష్టానికే పోయింది. గేటులో పట్టే చిన్నది, పాతది ఒకటి తీసుకున్నాను. బావమరిది నవ్వాడు, "ప్రమోషనొచ్చాక చిన్న బండికి దిగినవాణ్ణి నిన్నే చూశాను బావా" అన్నాడు. నవ్వనీ. మిగిలిన ఆరు ఇళ్ళకీ పోయి మాట్లాడాను. ఇద్దరు కార్లు లోపల పెట్టుకున్నారు. ఒకాయన ఆలోచిస్తానన్నాడు. ఒకావిడ "మీరు కొన్నప్పుడు లేని నీతి అమ్మాక వచ్చిందా?" అంది. ఆవిడన్నదాంట్లో తప్పేం లేదు. మిగతా ఇద్దరూ తలుపు తియ్యలేదు. ఏడుసార్లు మధ్యకి రావాల్సిన చోట ఇప్పుడు నాలుగుసార్లు. నా లెక్కకి ఇంకా పాసు మార్కులు రాలేదు.

నాన్నకి ఎందుకు అబద్ధం చెప్పావని అడగలేదు. అడిగితే ఇద్దరికీ ఇబ్బందే. కట్టు విప్పిన రోజు సాయంత్రం గేటు దగ్గర ఆగి, ఇదివరకు కారుండే జాగా కేసి కాసేపు చూశాడు. "బండి ఏదిరా?" అన్నాడు.

"అమ్మేశా నాన్నా. మైలేజీ రావట్లేదు."

"ఊఁ" అని, గోడ వారనే నడుచుకుంటూ ఇస్త్రీ బండి దాకా వెళ్ళాడు.

మీ ఇంటి ముందు కూడా ఒకసారి నడిచి చూడండి. మీ అమ్మో నాన్నో నడిచే వేగంతో.